ఎర్రంచు తెరచాప

మొదటి రోజు

నౌకామండలి నిబంధన పదకొండు ప్రకారం పడవ నడిపే ప్రతి సరంగూ రోజువారీ పుస్తకం రాయాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి. తనిఖీ అధికారి అడిగితే చూపించాలి. సరే, రాస్తున్నాను. మీరిచ్చిన మాటల పెట్టెలో కాదు, కాగితం మీద, నా చేత్తో. పెట్టెలో చెబితే మీకు నచ్చని మాటలు మర్నాటికి అందులో ఉండవని నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు కావాలన్నారుగా, చదువుకోండి.

పేరు చోడిపల్లి నూకరత్నం. వయసు యాభై ఏడు. పడవ పేరు బుల్లెమ్మ, అది మా నాయనమ్మ పేరు. రేవు ఎత్తుగడ్డ. వెళ్లొచ్చే చోటు మొగలితిప్ప. అలాంటి చోటు లేదని మీరంటారు. ఉందని నేనంటాను. ఆ సంగతి తర్వాత.

ఇవాళ తిప్ప నుంచి వస్తుంటే పాత వంతెన స్తంభాల దగ్గర తెరచాప నిలువునా చిరిగింది. మా నాన్న నాటి చాప అది. డీజిలు దొరికే రోజుల్లో ఏదో ఫ్యాక్టరీలో పుట్టింది. ముప్ఫై ఒక్క అతుకులు నేనే వేశాను. ముప్ఫై రెండోది వెయ్యడానికి గుడ్డంటూ మిగల్లేదు. ఉన్న ముక్కతోనే రేవు చేరేసరికి భుజాలు పడిపోయాయి.

ఒడ్డున నిశాంత్ బాబు నిలబడి ఉన్నాడు. మండలి తనిఖీ అధికారి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మాట్లాడే పలక. మంచివాడే, కాకపోతే ఆ పలక ఏం చెబితే అదే వేదం. ఈ పుస్తకం చదివేది నువ్వే కదా బాబూ, మొహాన చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇరవై ఎనిమిది రోజులు గడువమ్మా. ఈలోగా పనికొచ్చే తెరచాపతో ఎదురుగాలి పరీక్ష నెగ్గాలి. లేకపోతే పడవ ఒడ్డుకెక్కించేస్తాం" అన్నాడు. వెంటనే, "తెలివి చాప తీసేసుకోండి, ఊరికే ఇస్తున్నాం. రేవులో పంతొమ్మిది పడవలకీ అదే. మీరొక్కరే మొండికేస్తున్నారు" అన్నాడు.

మొండిదాన్నే. పుట్టుకతో వచ్చింది. అయినా చాప తీసుకున్నాను, కొన్నాళ్లు వాడి చూస్తానని చెప్పి. పీత కాటేస్తుందని తెలిసినా కన్నంలో చెయ్యి పెట్టి చూడందే నమ్మని వంశం మాది.

మూడో రోజు

తెలివి చాప బూడిదరంగులో ఉంటుంది. పాల మీద మీగడంత పల్చన. తెరచాప కొయ్యకి తగిలించి వదిలితే తనంతట తనే పైకెక్కింది.

"నమస్కారం నూకరత్నం గారూ. ఎక్కడికి వెళ్దాం?" అంది.

"మొగలితిప్పకి."

"నైరుతి దిశగా బయల్దేరుతున్నాను."

నేనడిగిందొకటి, అది చెప్పిందొకటి. అప్పుడు పట్టించుకోలేదు.

అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. అబ్బ, ఏం చాప! గాలి ఎటు తిరిగితే అటు ముందే తిరుగుతుంది. మోకు లాగక్కర్లేదు, అరవక్కర్లేదు. నలభై ఏళ్లలో మొదటిసారి పడవలో కాళ్లు చాపుకుని కూర్చుని చుట్ట అంటించుకున్నాను. ఎదురుగాలికి నేను నాలుగు గంటల్లో పోయే దూరం రెండున్నరలో పోయింది. ఇంత సుఖం ఉంటే ఇన్నాళ్లూ ఈ వెధవ భుజాలు ఎందుకు అరగదీసుకున్నానా అనిపించింది. నిజంగా అనిపించింది.

వంతెన ఆఖరి స్తంభం దాటామో లేదో, చాప ఊపిరి తీసినట్టు జారి వేలాడింది. పడవ ఆగిపోయింది.

"ముందు నివాసం లేదు. తిరిగి రేవుకి వెళ్దామా?" అంది.

"నివాసం లేకపోవడమేంటి? అదిగో పొగ! పొద్దుటి పొయ్యిల పొగ!"

"పొగను గమనించాను. మంటల ప్రమాదంగా నమోదు చేశాను. తిరిగి వెళ్దామా?"

ఒళ్లు మండిపోయింది. ఆ పొయ్యిల మీద అన్నం వండుకుంటున్న అరవై రెండు ఇళ్లవాళ్లు దానికి మంటల ప్రమాదం! తిట్టాను. మా నాయనమ్మ కూడా చెవులు మూసుకునే తిట్లు తిట్టాను. "మీ అభిప్రాయం నమోదైంది" అంది.

మిగతా పంతొమ్మిది మంది సరంగులు తిప్పకి రావడం ఎందుకు మానేశారో అప్పుడు తెలిసింది. వాళ్లని పిరికిపందలన్నాను ఇన్నాళ్లూ. వాళ్లు రానన్లేదు, వాళ్ల చాపలు రానన్నాయి. ఆ మాటకి ఇక్కడే క్షమాపణ రాసుకుంటున్నాను.

చాప చుట్టేసి, గడ వేసి మూడు గంటలు నెట్టుకుంటూ తిప్ప చేరాను. పడవలో ఉన్నవి వడపోత గొట్టాలు. తిప్పలో బావుల్లో ఉప్పునీళ్లే. ఆ గొట్టాల్లోంచి పోస్తేనే తాగడానికి పనికొస్తాయి. నెల తిరిగేసరికి గొట్టాలు మార్చాలి. నా పడవ ఆగిందంటే నెల తర్వాత తిప్పలో పిల్లలు తాగేది ఉప్పునీళ్లు. అంతే లెక్క. ఇందులో పెద్ద కథేం లేదు.

ఐదో రోజు

మూడేళ్ల కిందట సముద్రం పొంగి పెద్ద పోటు వచ్చినప్పుడు మండలి తిప్పలో అందరినీ ఎత్తుగడ్డ మేడల్లోకి రమ్మంది. సగం మంది వెళ్లారు. నేత పనివాళ్లు వెళ్లలేదు, ఎందుకంటే ఆ మేడల గదుల్లో మగ్గం పట్టదు. వెళ్లనివాళ్లున్న చోటుని పటంలోంచి తీసేశారు. చేతికి మట్టంటకుండా ఊరు ఖాళీ చేయించడమంటే ఇదే.

ఇవాళ బడి వరండాలో అందరం కూర్చున్నాం. తెలివి చాపని ఓ మూల చుట్టి పెట్టాను. మధ్యమధ్యలో "తిరిగి రేవుకి వెళ్దామా?" అంటోంది. పిల్లలు దానికి జవాబులు చెబుతున్నారు. ఆ జవాబులు రాయను.

తెరచాప దేంతో చెయ్యాలన్నది పంచాయితీ. మొదట పాత ఫ్లెక్సీలు తెచ్చారు. ఎవరో నాయకుడు, రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు, జన్మదిన శుభాకాంక్షలట. ఆయనెవరో ఇక్కడ ఎవరికీ తెలీదు. గాలికి పట్టి చూస్తే మొహం మధ్యకి ఫట్‌మని పగిలింది. బియ్యం సంచులు కుట్టి చూశాం, జల్లెడలాగా గాలంతా కారిపోయింది.

అప్పుడు సూరన్న బాబాయ్ లేచాడు. డెబ్భై ఏళ్ల నేతగాడు. తిప్ప మొత్తానికి పెద్దమగ్గం ఆయనదే. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు.

"దుప్పటి నూలు ఉంది. జంట పోగు వేసి బిగించి నేస్తాం. నాలుగు మగ్గాలు. ఇరవై రెండు గజాలు చాలా?"

"చాలు బాబాయ్."

"గాలి కారితే నా పేరు మార్చుకుంటా" అని వెళ్లిపోయాడు.

వరండా చివర హుసేన్‌బీ గోనెసంచి మీద కూర్చుని అంతా వింటోంది. రవికలు కుట్టే మనిషి. పోటులో ఇల్లు పోయాక బడి వరండాలోనే ఉంటోంది. ఆ గోనెసంచిలో ఉన్నది ఆవిడ కుట్టు మిషను, మూటగట్టి సిద్ధంగా పెట్టుకుంది.

"ఎక్కడికే ప్రయాణం?" అన్నాను.

"నువ్వు మళ్లీ వెళ్లేటప్పుడు నీతోనే అక్కా. ఎత్తుగడ్డకి. నీ పడవ ఒడ్డెక్కాక ఇక్కడేం ఉంటాను? నువ్వు వస్తావని నమ్మకం ఉంటే గోడ కట్టుకుందును. లేనప్పుడు ఎవరికోసం?"

 నాకు కోపం వచ్చింది. హుసేన్‌బీ మీద కాదు.

పద్నాలుగో రోజు

ఇవాళ గుడ్డ మగ్గం దిగింది. అమ్మో, ఏం గుడ్డ! గిల్లితే వేలు నొప్పి పుట్టింది. ప్రతి పొడవుకీ రెండు పక్కలా ఎర్రంచు.

"తెరచాపకి అంచెందుకు బాబాయ్?"

"అంచు లేని గుడ్డ మా మగ్గం దిగదు" అన్నాడు. ఇక ఆ మాటకి తిరుగులేదు. తాతముత్తాతల నాటి ఆచారమట.

కొలతలకని పాత చాపని ఇసుకలో పరిచాం. మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంది, ఎంత సర్దినా నేలకి అంటుకోదు. సూరన్న బాబాయ్ దాన్ని కాలితో నొక్కి చూశాడు.

"ముసలి గుడ్డ. మధ్యలో సాగిపోయింది."

"నలభై ఏళ్లాయె మరి" అని నేనూ తలూపాను. ఇది రాసుకోండి. నేనూ తలూపాను. తర్వాత ఆయన్ని ఒక్కణ్ణే తిట్టానన్న మాట రాకూడదు.

ఆ ఉబ్బు తీసేసి, అంచులు తిన్నగా గీసి, పొడవులన్నీ పక్కపక్కన పెట్టి కుట్టారు. గంజి పెట్టి, నలుగురు నాలుగు మూలలా పట్టుకుని లాగారు. పెళ్లిపందిట్లో పరుపు మీద దుప్పటిలా ఒక్క ముడత లేదు. సూరన్న బాబాయ్ మీసం దువ్వుకున్నాడు.

పదహారో రోజు

ఎత్తాం. గాలి వెనక నుంచి వచ్చినంతసేపూ బుల్లెమ్మ ఉరికింది. ఒడ్డున ఈలలే ఈలలు. ఎదురుగాలికి తిప్పాను. ముందుకి పోదే! పీతలాగా పక్కకి జారుతుంది. ఎంత చుక్కాని తిప్పినా, మోకు ఎంత బిగించినా అంతే. మూడుసార్లు తిప్పి చూశాను, మూడుసార్లూ తిప్ప వెనక బురదలోకే పోయాను. ఈ చాపతో పరీక్షకి వెళ్తే నిశాంత్ బాబు ముందు నా పరువు, పడవ రెండూ పోతాయి.

దిగి నోటికొచ్చినట్టు అన్నాను. సూరన్న బాబాయ్ మొహం ఎర్రబడింది.

"నా గుడ్డలో ఒక్క ముడత చూపించు. ఒక్కటి!"

"ముడత లేకపోతే ఏం చేసుకోను? పడవ ముందుకి పోవట్లేదు!"

"అది నీ సరంగుతనం!"

ఆ మాటతో ఇద్దరం ఒకరి మీద ఒకరం ఎగిరాం. ఊరంతా చూస్తోంది. అప్పుడు వరండా మీంచి ఒకటే నవ్వు. హుసేన్‌బీ. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగట్లేదు.

"ఏంటే ఆ నవ్వు?"

"బాబాయ్ చీర నేశాడక్కా. నీ పడవకి కావాల్సింది రవిక!"

అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. హుసేన్‌బీ దిగి వచ్చి, చిరిగిన పాత చాప అతుకుల్ని వేళ్లతో తడిమింది.

"ఇది సాగిపోలేదు బాబాయ్. కుట్టేటప్పుడే ఉబ్బు పెట్టారు. చూడు, కుట్టు మధ్యలో సన్నం, కొయ్య వైపు వచ్చేసరికి వెడల్పు. రవికకి ఛాతీ కింద గుడ్డ మడిచి డార్టు వేసినట్టే. చదునుగా కుడితే రవిక ఒంటికి పడుతుందా? గాలికీ అంతే. కూర్చోడానికి చోటుండాలి."

 నలభై ఏళ్లుగా ఆ చాప కింద కూర్చున్నాను. ఎదురుగాలికి అది పొట్ట నింపుకుని పోవడం రోజూ చూశాను. ఆ పొట్ట కావాలని పెట్టిందని ఒక్కనాడూ తట్టలేదు. సరంగునట, సరంగుని!

"ఛాతీ ఎక్కడ రావాలక్కా?" అంది హుసేన్‌బీ, టేపు తీస్తూ.

కళ్లు మూసుకుని గుర్తుచేసుకున్నాను. "కొయ్య నుంచి మూడో వంతు దూరంలో."

పదిహేడో రోజు

సూరన్న బాబాయ్ ఒప్పుకోలేదు. ఆయన గుడ్డ మీద కత్తెర పడకూడదు.

"కత్తెర వద్దు బాబాయ్. కుట్లు విప్పి మళ్లీ వేస్తా. పొడవులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా, మధ్యలో వేలెడు, కొయ్య వైపుకి బెత్తెడు. అంతే" అంది హుసేన్‌బీ.

"అప్పుడు అంచు వంకరపోతుంది."

"పోతుంది."

"మా ఇంట్లో అంచు వంకరపోయిన గుడ్డ ఏడు తరాలుగా లేదు."

నాకు ఓపిక తక్కువ. "బాబాయ్, నీ అంచు తిన్నగా ఉండాలా, ఊరుండాలా? రెండింట్లో ఒకటి చెప్పు" అన్నాను. అలా అనకూడదేమో. అనేశాను.

ఆయన లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి పోగులు తెంపే చిన్న చాకు పట్టుకుని వచ్చి, చాప పక్కన కూర్చుని మొదటి కుట్టు తనే విప్పాడు.  మేమంతా చూడనట్టు నటించాం.

అటు హుసేన్‌బీ గోనెసంచి మూట విప్పి మిషను బయటికి తీసింది.

ఇరవై రెండో రోజు

కుట్టేముందు తడపాలంది హుసేన్‌బీ. పాప్లినైనా తడపకుండా కుట్టదట. తడిపాం, ఆరబెట్టాం. బాబాయ్ పెట్టిన గంజి మొత్తం పోయింది, గుడ్డ జానెడు కుంచించుకుపోయింది. అదే కుట్టాక కుంచించుకుపోతే మొత్తం చెడేది. ఆవిడ నోట్లో చక్కెర పొయ్యాలి.

మిషను కింద గుడ్డ జరపడానికి ఆరుగురం కావాల్సి వచ్చింది. నాలుగు సూదులు విరిగాయి. ఐదోది విరిగితే ఇక లేవు. అది విరగలేదు.

ఆ తర్వాత నల్లతుమ్మ చెక్క ఉడకబెట్టి, ఆ కషాయంలో నానేశాం. మా వాళ్లు వలలకి పట్టించేది అదే, ఉప్పునీళ్లకి గుడ్డ చివకదు. చాప గోధుమరంగుకి తిరిగింది, ఎర్రంచు మాత్రం ఇంకా ఎర్రగా తేలింది. వంకరగానే ఉంది అంచు, పిల్లల బొమ్మలో అలలాగా. సూరన్న బాబాయ్ చాలాసేపు చూసి, "బాగానే ఉంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం తిప్ప చరిత్రలో రాయాలి, రాస్తున్నాను.

ఇరవై నాలుగో రోజు

బిగించాం. కొయ్యకి కొబ్బరి తాడుతో జానెడుకొక కట్టు. కొత్త గుడ్డ కదా, మొదటి రెండు రోజులూ గట్టిగా లాగకూడదు, మూలలు సాగి జారిపోతాయి. ఇలాంటి చోటే నాకు పరీక్ష. పక్కన నిలబడి "మెల్లగా, మెల్లగా" అని నా చేతులకి నేనే చెప్పుకున్నాను.

మధ్యాహ్నం ఎత్తాం. గాలి వచ్చి కూర్చుంది. నిజంగా కూర్చుంది, చోటు చూసుకుని. పొట్ట సరిగ్గా మూడో వంతులో. బుల్లెమ్మ ఓ పక్కకి ఒరిగి, ఎదురుగాలిలోకి ముక్కు పెట్టి బయల్దేరింది. తిప్ప చుట్టూ తిరిగొచ్చాను. నాలుగు గంటల దూరం నాలుగు గంటలే పడుతుంది. రెండున్నర కాదు. ఫర్వాలేదు, ఇది ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తుంది.

హుసేన్‌బీ ఒడ్డునే ఉంది. ఏడుస్తూ తిడుతోంది నన్ను, చాపని మరీ ఒరగేశానని.

ఇరవై ఆరో రోజు

ఎత్తుగడ్డ చేరాను. ఏడు ఎర్రగీతల గోధుమ చాప చూసి రేవంతా బయటికొచ్చింది.  మిగతా సరంగుల్లో ఒకాయన వచ్చి అంచు ముట్టుకుని చూసి వెళ్లిపోయాడు.

తెలివి చాప తిరిగిచ్చేశాను.

"ఏం, బాలేదా?" అన్నాడు నిశాంత్ బాబు.

"నాకంటే బాగా నడుపుతుంది. కాకపోతే దానికి మనుషులు కనపడరు."

"గుడ్డ చాప ఒప్పుకోరమ్మా."

నిబంధనల పుస్తకం నాకు కంఠతా వచ్చు. "నిబంధన నాలుగులో గాలి ఆపగల చాప అని ఉంది. ఏ గుడ్డో లేదు. నిబంధన ఆరులో పరీక్షకి అధికారి పడవెక్కాలని ఉంది. ఎటు వెళ్లాలో సరంగు ఇష్టం, ఎదురుగాలి అయితే చాలు. చేరిన చోటు పేరు, అక్కడేముందో, అధికారి తన చేత్తో ఈ పుస్తకంలో రాయాలని ఉంది. ఎక్కుతావా బాబూ, ఎక్కవా?"

పలకని అడిగాడు. అవన్నీ ఇంకా అమల్లోనే ఉన్నాయంది పలక. చూశావా, ఒక్కోసారి అదీ పనికొస్తుంది.

ఇరవై ఎనిమిదో రోజు

పొద్దున్నే బయల్దేరాం. పడవలో వచ్చే నెల గొట్టాలు, నేను, నిశాంత్ బాబు. మొదటి గంట ఇస్త్రీ చొక్కా తడిసింది. రెండో గంట వాంతి చేసుకున్నాడు. మూడో గంటకి మోకు పట్టుకోమంటే పట్టుకున్నాడు. ఎదురుగాలికి నాలుగుసార్లు చాపని ఇటునుంచి అటు తిప్పి వాలు మార్చాం, ఒక్కసారి కూడా జారలేదు.

ఆఖరి స్తంభం దాటగానే పలక మొదలెట్టింది. ముందు నివాసం లేదట.

"అమ్మా, ఇక్కడితో పరీక్ష నెగ్గినట్టే. వెనక్కి తిప్పండి."

"లంగరు వేసిన చోటే పరీక్ష పూర్తవుతుంది. నేను ఇక్కడ వెయ్యను. లోతెక్కువ."

 అతను పొగ వైపు చూస్తూ కూర్చున్నాడు.

తిప్పలో దిగాడు. మోకాలి దాకా తడి, పాదాల కింద ఇసుక, చుట్టూ జనం. పలక ఇంకా మీరు నీళ్లలో ఉన్నారనే అంటోంది. సూరన్న బాబాయ్ బొండం కొట్టిచ్చాడు. పిల్లలు వచ్చి, "మంటల ప్రమాదం అంటే మేమే" అని చెప్పారు. నేను నేర్పలేదు, ఒట్టు.

పుస్తకం తెరిచి కలం చేతిలో పెట్టాను.

"ఏం రాయమంటారు?" అన్నాడు.  "ఇది రాస్తే పైవాళ్లకి నేను జవాబు చెప్పాలి."

"నేను రాయమన్నది కాదు. కాళ్ల కింద ఏముందో అది రాయి బాబూ. లేదని రాయగలిగితే లేదని రాయి. నీ చేత్తో, ఇక్కడ నిలబడి, వీళ్లందరి ముందు."

 అతను పలకని చొక్కా జేబులో పెట్టేసి, "లెక్క చూసి రాస్తాను" అని ఊళ్లోకి వెళ్లాడు. ఇల్లిల్లూ తిరిగాడు. గంటకి వచ్చాడు, కాళ్లకి బురద.

"అరవై మూడు" అన్నాడు.

"అరవై రెండే. నాకు తెలీదా?"

"బడి వెనకది కూడా కలిపాను. నడుం ఎత్తు గోడలు లేచాయి. మధ్యలో మిషను పెట్టుకుని ఎవరో ఆవిడ కుడుతున్నారు."

 హుసేన్‌బీ నాతో ఒక్క మాట చెప్పలేదు.

"కప్పు లేని ఇల్లు లెక్కలోకి రాదేమో బాబూ" అన్నాను.

"వేస్తారుగా" అని కలం అందుకున్నాడు.

చేత్తో రాసే అలవాటు లేనివాడు. అక్షరాలు అటొకటి ఇటొకటి పడ్డాయి. ఇదిగో, కింద ఉంది. చెరిపేయడానికి ఇది పెట్టె కాదు, కాగితం.

చేరిన చోటు: మొగలితిప్ప. ఇళ్లు: అరవై మూడు. తెరచాప: గుడ్డ, ఎర్రంచు. పనికొస్తుంది. — నిశాంత్, తనిఖీ అధికారి.